మూత కింద ఉండిపోయిన బటన్

మూసిన ల్యాప్‌టాప్‌ను బల్ల మూలన స్టాండులో నిలబెట్టి, డాక్‌కి తగిలించి, ఎదురుగా పెద్ద మానిటర్, విడి కీబోర్డు, మౌస్ పెట్టుకుని పనిచేసేవాళ్లు ఇవాళ ఎందరో ఉన్నారు. మెడ వంచక్కర్లేదు, బల్ల మీద చోటు మిగులుతుంది. నెలల తరబడి ఆ మూత ఎత్తాల్సిన పనే పడదు. ఒక రోజు మాత్రం అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది, లేదా డిస్కులో ఏదో తేడా వస్తుంది. యంత్రం బూట్ అవదు. రికవరీ మోడ్‌లోకి వెళ్లమని తెలిసినవాళ్లు చెబుతారు. ఎదురుగా ఉన్న కీబోర్డు మీద ఎన్ని కీలు నొక్కినా తెర నల్లగానే ఉంటుంది. నొక్కాల్సిన బటన్ మూత కింద ఉంది.

ఇది చిన్న ఇబ్బందే. మూత ఎత్తి నొక్కితే పోతుంది. కానీ బయటి కీబోర్డు మాట ఆ యంత్రం ఎందుకు వినలేదో వెతుక్కుంటూ వెళితే, కంప్యూటర్ భద్రతలో చాలా లోతైన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. తన ముందు నిజంగా మనిషి ఉన్నాడా, మనిషి పేరుతో ఏదో ప్రోగ్రామ్ మాట్లాడుతోందా అన్నది యంత్రానికి ఎలా తెలుస్తుంది?

మూసిన ల్యాప్‌టాప్‌ను డాక్‌లో పెట్టి వాడాలన్న ఆలోచన పాతదే. 1992 అక్టోబరులో ఆపిల్ సంస్థ పవర్‌బుక్ డ్యుయో అనే తేలికపాటి ల్యాప్‌టాప్‌నూ, దానికి జోడీగా డ్యుయో డాక్ అనే పెట్టెనూ విడుదల చేసింది. మూత మూసిన డ్యుయోను పెట్టె ముందున్న సందులోకి కొంచెం తోస్తే, లోపలి మోటారు దాన్ని అందుకుని పూర్తిగా లోపలికి లాక్కునేది. ఇక ల్యాప్‌టాప్ తెర గానీ కీబోర్డు గానీ చేతికి అందవు. అయినా ఎవరూ ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఆనాటి మాక్ కీబోర్డుల మీదే పవర్ కీ ఉండేది. బయటి కీబోర్డు నుంచే మాక్‌ను ఆన్ చేసేవారు. ముప్పై ఏళ్ల కిందట అంత సులువైన పని ఇప్పుడు కుదరకపోవడానికి ఇంజినీర్ల మరుపు కారణం కాదు. మధ్యలో ప్రపంచం మారింది.

ముందు మూత సంగతి చూద్దాం. మూత మూసి ఉందని ల్యాప్‌టాప్‌కి తెలిసేది అయస్కాంతం వల్ల. తెర అంచులో చిన్న అయస్కాంతం ఉంటుంది. కింది భాగంలో, దానికి ఎదురుగా వచ్చే చోట, హాల్ సెన్సార్ ఉంటుంది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్ పల్చటి బంగారు రేకులో కరెంటు పారించి, దాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచాడు. కరెంటు దారికి అడ్డంగా, రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజీ కనిపించింది. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె.జె. థామ్సన్ చూపించడానికి ఇంకా 18 ఏళ్లు ఉన్న కాలమది. ఆ వోల్టేజీనే ఇవాళ మన ల్యాప్‌టాప్ మూతకు కాపలా కాస్తోంది. అయస్కాంతం దగ్గరికి వస్తే మూసినట్టు, దూరమైతే తెరిచినట్టు. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను మరో ల్యాప్‌టాప్ మీద పెడితే ఒక్కోసారి పైది ఉన్నట్టుండి నిద్రలోకి జారుకోవడానికి కారణం ఇదే. కింది దాని అయస్కాంతాన్ని పైదాని సెన్సార్ తన మూతది అనుకుంటుంది.

ఆ సెన్సార్ చెప్పేది వినేవాడొకడు ఉండాలి కదా. ల్యాప్‌టాప్ ఆఫ్ చేశామని మనం అనుకున్నా, లోపల ఒక చిన్న కంట్రోలర్ చిప్ మేలుకునే ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లలో దాన్ని ఎంబెడెడ్ కంట్రోలర్ అంటారు. బ్యాటరీ ఛార్జింగ్, ఫ్యాన్, పవర్ బటన్, మూత అన్నీ దాని కనుసన్నల్లో ఉంటాయి. అది గమనించినదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏ భాషలో చెప్పాలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో ఏసీపీఐ అనే ప్రమాణంగా రాశాయి. మూత మూస్తే నిద్రపోవాలా, ఏమీ చేయకుండా ఊరుకోవాలా అని విండోస్ సెట్టింగుల్లో మనం ఎంచుకోగలుగుతున్నది దాని పుణ్యమే. అయితే ఆ సెట్టింగు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అది లేవనప్పుడు దాని మాట చెల్లదు. రికవరీ అవసరమయ్యేది సరిగ్గా అలాంటప్పుడే.

రికవరీ అంటే డిస్కులో విడిగా ఒక మూలన దాచిన మరో చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. అసలు సిస్టమ్ పాడైనప్పుడు దాన్ని బాగుచేయడానికీ, కొత్తగా వేయడానికీ ఇది లేస్తుంది. 2011లో లయన్ వెర్షన్ వచ్చేదాకా మాక్ వాడేవాళ్లు ఇందుకోసం డీవీడీ దాచుకోవాల్సి వచ్చేది. చిన్నది కాబట్టి దీనికి చాలా సంగతులు తెలియవు. మనం ఇన్‌స్టాల్ చేసుకున్న డ్రైవర్లు దీనిలో ఉండవు. డాక్ వాడేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

తెర విషయం తీసుకోండి. డాక్‌లు బయటికి ఒకేలా కనిపించినా లోపల రెండు రకాలు. మొదటి రకంలో గ్రాఫిక్స్ చిప్ పంపే డిస్‌ప్లేపోర్ట్ సంకేతం యూఎస్‌బీ-సీ కేబుల్‌లోని తీగల్లో నేరుగా మానిటర్‌కు పోతుంది. దీనికి ఆపరేటింగ్ సిస్టమ్ లేవాల్సిన పని లేదు, బూట్ మొదటి క్షణాల్లోనే బొమ్మ రావచ్చు. రెండో రకం డిస్‌ప్లేలింక్ డాక్‌లు. వీటిలో తెర మీది బొమ్మను ఒక డ్రైవర్ కుదించి, మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది. డాక్‌లోని చిప్ దాన్ని విప్పి మానిటర్‌కు ఇస్తుంది. రోజూ మూడు మానిటర్లు నడిపే డాక్ రికవరీలో ఒక్క తెరను కూడా వెలిగించలేకపోతే, అది పాడైందనుకోకండి. దాన్ని నడిపే డ్రైవర్ అక్కడ లేదు, అంతే.

కీబోర్డు కథ కూడా ఇలాంటిదే, కానీ అందులో ఒక అందం ఉంది. యూఎస్‌బీ ప్రమాణం రాసినవాళ్లు, బూట్ సమయంలో యంత్రానికి తెలివి తక్కువగా ఉంటుందని ముందే ఊహించారు. అందుకే కీబోర్డుల కోసం అతి సులువైన బూట్ ప్రోటోకాల్ ఒకటి పెట్టారు. కీబోర్డు ప్రతిసారీ పంపేది 8 బైట్లే. మొదటి బైటులో షిఫ్ట్, కంట్రోల్ వంటివి, రెండోది ఖాళీ, మిగతా ఆరింటిలో ఒకేసారి నొక్కి ఉంచిన ఆరు కీల దాకా. ఇంతకుమించి అర్థం చేసుకోనక్కర్లేదు కాబట్టి, యంత్రం లేవగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్ ఎంత చిన్నదైనా దీన్ని చదవగలదు. వైరుతో తగిలించే కీబోర్డు, చిన్న రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డు రెండూ ఈ దారిలోనే మాట్లాడతాయి. బ్లూటూత్ కీబోర్డుకు ఆ హామీ లేదు. ముందుగా జత కట్టిన వివరాలు ఫర్మ్‌వేర్‌కు తెలిసి ఉంటేనే అది వినిపిస్తుంది.

ఇంటెల్ చిప్‌తో వచ్చిన మాక్‌లలో ఈ దారి తెరిచే ఉండేది. మూసిన మాక్‌బుక్‌ను రీస్టార్ట్ చేసి, బయటి కీబోర్డు మీద కమాండ్, ఆర్ కీలు పట్టుకుంటే రికవరీ వచ్చేది. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో ఆ పద్ధతి పోయింది. ఆపిల్ సొంత చిప్‌లున్న మాక్‌లలో, ఆఫ్‌లో ఉన్న యంత్రం పవర్ బటన్‌ను నొక్కి, స్టార్టప్ ఆప్షన్లు వస్తున్నాయన్న మాట కనిపించేదాకా వేలు తీయకుండా పట్టుకోవాలి. మాక్‌బుక్‌లో ఆ బటన్ అంటే కీబోర్డు పైమూలన ఉన్న టచ్ ఐడీ కీ. ఆపిల్ విడిగా అమ్మే కీబోర్డు మీద కూడా అచ్చం అలాంటి టచ్ ఐడీ కీ ఉంటుంది, వేలిముద్ర చదువుతుంది, తెరకు తాళం వేస్తుంది. కానీ మాక్‌ను ఆన్ చేయలేదు, రికవరీలోకి పంపలేదు.

ఎందుకు పంపకూడదన్నారో తెలియాలంటే, రికవరీలో కూర్చున్న మనిషికి ఎంత అధికారం ఉంటుందో చూడాలి. ఈ మాక్‌లలో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక చిన్న విధానపత్రం ఉంటుంది. దాన్ని లోకల్ పాలసీ అంటారు. ఏ సిస్టమ్‌ను బూట్ కానివ్వాలి, ఎంత కఠినంగా తనిఖీ చేయాలి అన్నది అందులో ఉంటుంది. సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే విడి భద్రతా విభాగం దాని మీద సంతకం చేస్తుంది. పూర్తి భద్రత, తగ్గించిన భద్రత, అన్నీ అనుమతించే స్థాయి అని మూడు మెట్లున్నాయి. కింది మెట్టుకు దిగడమంటే యంత్రం తన కాపలాను సడలించుకోవడం. అలా దిగడానికి ఒకే చోటు ఉంది. పవర్ బటన్‌ను వేలితో పట్టుకుని చేరుకున్న రికవరీలోనే అది కుదురుతుంది. వేరే దారిలో రికవరీకి వెళ్లినా, ఉదాహరణకు నడుస్తున్న సిస్టమ్‌లోని ఏదో ప్రోగ్రామ్ రీస్టార్ట్ చేసి అక్కడికి పంపినా, ఆ అధికారం దక్కదు. మాక్‌ల మీద లినక్స్ నడిపించే అసాహి ప్రాజెక్టు ఇన్‌స్టాలర్ కూడా మధ్యలో ఆగి, యంత్రాన్ని ఆఫ్ చేసి, బటన్ పట్టుకుని రమ్మని మనిషినే అడుగుతుంది. ప్రోగ్రామ్ తనంతట తాను ఆ పని చేయలేదు.

ఇంటి వీధి తలుపుకు బయట తాళం ఎంత మంచిదైనా, మారు తాళంచెవి చేయించుకున్నవాడికి అది తెరుచుకుంటుంది. లోపలి గడియ మాత్రం లోపలున్న మనిషి చెయ్యి తగిలితేనే కదులుతుంది. పవర్ బటన్‌కు ఆపిల్ అప్పగించింది ఆ గడియ పని. నెట్‌వర్క్ మీదుగా మీ మాక్‌లోకి దూరి, మీ పాస్‌వర్డు కూడా తెలుసుకున్న దొంగ ప్రోగ్రామ్‌కు అన్నీ ఉండవచ్చు. వేలు ఉండదు.

మరి బయటి కీబోర్డు మీది వేలు వేలు కాదా? మనకు వేలే, యంత్రానికి కాదు. యూఎస్‌బీ తీగ మీదుగా వచ్చే 8 బైట్లు మనిషి నొక్కిన కీ నుంచి వచ్చాయా, కీబోర్డునని చెప్పుకునే మరో పరికరం పంపిందా అన్నది తేల్చుకునే మార్గం అవతలి వైపు లేదు. 2014 ఆగస్టులో బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే పరిశోధకులు ఈ సంగతిని కళ్లకు కట్టారు. మామూలు పెన్‌డ్రైవ్‌లోని ఫర్మ్‌వేర్‌ను మార్చి, అది తనను కీబోర్డుగా పరిచయం చేసుకుని, యజమాని టైపు చేస్తున్నట్టే ఆదేశాలు ఇచ్చేలా చేసి చూపించారు. బ్యాడ్‌యూఎస్‌బీ అని దానికి పేరు. డాక్ అనేది ఇలాంటి ఎన్నో పరికరాలు వచ్చి చేరే కూడలి. అందుకే అటు నుంచి వచ్చే మాటను, తాళాలు సడలించే ఘట్టంలో, నమ్మకూడదని నిర్ణయించారు.

ఆపిల్ కంటే చాలా ముందు గూగుల్ క్రోమ్‌బుక్‌లు ఇదే దారి పట్టాయి. క్రోమ్‌బుక్‌ను రికవరీలోకి పంపాలంటే ఎస్కేప్, రిఫ్రెష్, పవర్ మూడూ కలిపి నొక్కాలి, అదీ ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీదే. ఆ కీబోర్డు తీగలను ఎంబెడెడ్ కంట్రోలర్ స్వయంగా చదువుతుంది కాబట్టి, నడుస్తున్న ఏ సాఫ్ట్‌వేరూ ఆ నొక్కుడును కల్పించలేదు. కీబోర్డే లేని క్రోమ్‌బాక్స్‌లకు బయట సన్నని రంధ్రంలో రికవరీ బటన్ పెట్టారు. ఈ చివరి వాక్యం నాకు ముఖ్యం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మనిషి వేలు కావాలనే పట్టుదలకు మూల్యం కూడా ఉంది. 2024 జులై 19న, మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక లోపభూయిష్టమైన ఫైలును పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించి, రీస్టార్ట్ అయి, మళ్లీ నీలి తెర దగ్గరే ఆగాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి. శంషాబాద్‌తో సహా మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మందు చిన్నదే. రికవరీలోకో సేఫ్ మోడ్‌లోకో వెళ్లి ఆ ఒక్క ఫైలు తొలగించాలి. కానీ బూట్ కాని యంత్రానికి దూరం నుంచి ఆదేశం పంపేదెలా? ఐటీ ఉద్యోగులు బల్ల బల్లకూ తిరిగారు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ కూడా టైపు చేయాల్సి వచ్చింది. ఆ కీలు దాచిన సర్వర్లే పడిపోయిన సంస్థల పరిస్థితి మరీ కష్టం.

ఆ దెబ్బ తర్వాత, 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీ అనే ఏర్పాటు ప్రకటించింది. పదేపదే బూట్ విఫలమైన యంత్రం తనంతట తాను రికవరీలోకి వెళ్లి, నెట్‌వర్క్‌కు కలిసి, మరమ్మతును తెచ్చుకుంటుంది. ఇందులో మనిషి వేలు అక్కర్లేదు. ఇది ఆపిల్ పద్ధతికి విరుద్ధమని కొందరు అనుకోవచ్చు. నా దృష్టిలో కాదు. పాడైన యంత్రాన్ని పూర్వస్థితికి తేవడం ఒక పని, దాని కాపలాను తగ్గించడం మరో పని. మొదటిది తయారీదారు సంతకంతో దూరం నుంచి రావచ్చు, రావాలి కూడా. రెండోది మాత్రం యంత్రం ముందు కూర్చున్న మనిషి చేతిలోనే ఉండాలి.

ఇక చేయాల్సింది చెబుతాను. మీది ఆపిల్ చిప్ ఉన్న మాక్‌బుక్ అయితే ముందు మూత తెరవండి. ఈ మాక్‌లు మూత తెరిచినా ఛార్జర్ తగిలించినా వాటంతట అవే ఆన్ అవుతాయి. మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ సెకోయా వెర్షన్ నుంచి టెర్మినల్ ఆదేశంతో ఈ అలవాటు మాన్పించవచ్చు. ఆన్ అయితే అవనివ్వండి, తర్వాత మెనూ నుంచి షట్‌డౌన్ చేయండి. యంత్రం స్తంభించిపోయి ఉంటే పవర్ బటన్‌ను పది సెకన్ల దాకా పట్టుకుని ఆపండి. తెర పూర్తిగా ఆరాక, మళ్లీ నొక్కి, స్టార్టప్ ఆప్షన్ల మాట వచ్చేదాకా వదలకండి. పళ్లచక్రం బొమ్మ ఉన్న ఆప్షన్స్ ఎంచుకుంటే రికవరీ వస్తుంది. పని పూర్తయ్యేదాకా మూత తెరిచే ఉంచండి.

విండోస్‌లో దారి సులువు. సిస్టమ్ లేస్తూ ఉంటే లాగిన్ తెర దగ్గరే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, డాక్ డిస్‌ప్లేలింక్ రకం కాకపోతే మూత ఎత్తకుండానే రికవరీ కనిపిస్తుంది. సిస్టమ్ లేవకపోతే, వరుసగా రెండు సార్లు విఫలమయ్యాక అదే రికవరీలోకి వెళుతుంది. ఈ రెండింటికీ ముందు యంత్రం ఆన్ కావాలి. డెల్ వంటి కొందరు తయారీదారుల డాక్‌ల మీదే పవర్ బటన్ ఉంటుంది, అది అదే సంస్థ ల్యాప్‌టాప్‌లతో మాత్రమే పనిచేస్తుంది. మార్కెట్‌లో దొరికే మామూలు యూఎస్‌బీ-సీ డాక్‌కు ఆ సౌకర్యం ఉండదు. బ్లూటూత్ కీబోర్డు వాడేవాళ్లు ఒక మామూలు వైరు కీబోర్డును సొరుగులో ఉంచుకోవడం మంచిది.

మనిషి వేలు అడగడం సరైన నిర్ణయమే. కానీ ఆ వేలికి అందే బటన్‌ను మూత కింద పెట్టడం సరైన నిర్ణయమని నేను ఒప్పుకోను. మూత మూసి వాడుకోవచ్చని తయారీదారులే చెబుతున్నారు. అలా వాడే మనిషి అత్యవసర వేళ స్టాండులోంచి తీసి, కేబుళ్లు సర్దుకుని, మూత ఎత్తాల్సి వస్తోంది. చేతుల్లో సరైన పట్టు లేనివారికి, తెర కీలు విరిగిన ల్యాప్‌టాప్‌ను డాక్ సాయంతో నడుపుకునే విద్యార్థికి అది అంత తేలిక కాదు. 2024 మాక్ మినీలో కూడా బటన్‌ను పెట్టె అడుగుకు తీసుకుపోయారు. క్రోమ్‌బాక్స్‌కు పక్కన రంధ్రం పెట్టినవాళ్లు చూపించిన దారి అందరి ముందూ ఉంది. బటన్ యంత్రానికే అంటుకుని ఉండాలి, కానీ బయటి అంచు మీద ఉండవచ్చు. భద్రతకు వచ్చే నష్టం ఏమీ లేదు. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లకు పక్క అంచునే పవర్ బటన్ ఉంటోంది కూడా.

ఆ మార్పు వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. యంత్రం బాగున్న ఈ రోజే దాన్ని ఒకసారి రికవరీలోకి పంపి చూడండి. ఏ తెర వెలుగుతుందో, ఏ కీబోర్డు పనిచేస్తుందో తెలుసుకుని, మామూలుగా రీస్టార్ట్ చేసేయండి. డిస్కు తాళానికి, అంటే విండోస్‌లో బిట్‌లాకర్‌కు, మాక్‌లో ఫైల్‌వాల్ట్‌కు ఉన్న రికవరీ కీని కాగితం మీద రాసి, ఆ ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట దాచండి.